అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు టైటిల్‌ను ఎలా సరిచూసుకోవాలి?

హైదరాబాదులో రెండు వందల గజాల ప్లాటు కొనాలన్నా మనవాళ్లు ముందుగా అడిగేవి లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ. వాటిని తెలిసిన లాయరుకు చూపించనిదే అడ్వాన్సు కూడా ఇవ్వరు. అదే మనిషి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనేటప్పుడు మాత్రం, బొత్తెడు కాగితాల మీద గంటలో సంతకాలు పెట్టి తాళం చెవులు పుచ్చుకొని వచ్చేస్తాడు. ఇంటి మీద హక్కు (టైటిల్) ఎవరిదో పాత రికార్డుల్లో వెతికి దానికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ అంతా చూసుకుంటుందన్న ధీమా. చూసుకునే మాట నిజమే గాని, ఎవరి తరఫున, ఎంతమేరకు చూసుకుంటుందన్నది తెలుసుకోవలసిన విషయం.

ఈ ధీమా ఎంతవరకు చెల్లుతుందో 2010లో అమెరికా అంతా చూసింది. ఇళ్ల అప్పులు బ్యాంకు నుంచి బ్యాంకుకు, అక్కడి నుంచి వాల్‌స్ట్రీట్ ట్రస్టులకు చేతులు మారాయి గాని, ఆ బదిలీ పత్రాలను చాలా చోట్ల సకాలంలో రాసుకోలేదు. తీరా వాయిదాలు ఆగి ఫోర్‌క్లోజర్‌కు (బాకీ కింద ఇంటిని వేలం వేయడానికి) వెళ్లవలసి వచ్చేసరికి లేని కాగితాలను పుట్టించారు. జార్జియాలోని డాక్‌ఎక్స్ అనే సంస్థలో ఒకే ఉద్యోగిని పేరుతో పలువురు సంతకాలు చేసేవారు. ఆ పత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంతకానికి మరొకదానితో పోలికే ఉండేది కాదు. ఆ సంస్థ వ్యవస్థాపకురాలికి 2013లో ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అంతకు ముందే, 2012లో, ఐదు పెద్ద బ్యాంకులు కేంద్ర ప్రభుత్వంతోనూ 49 రాష్ట్రాలతోనూ 2,500 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకున్నాయి.

కొనేవారికి అంతకన్నా ముఖ్యమైన సంగతి మసాచుసెట్స్‌లో తేలింది. అప్పు వేలం వేయించిన బ్యాంకు పేరుకు బదిలీ అయినట్లు చూపే పత్రం, వేలం జరిగిన ఏడాదికి పైగా గడిచాక తయారైందని తేలడంతో, ఆ వేలమే చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2011 జనవరిలో ఇబానెజ్ కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో మరో కేసులో, అలా చెల్లని వేలం ద్వారా బ్యాంకుకు వచ్చిన ఆస్తిని కొన్న వ్యక్తికి ఆ ఆస్తి మీద హక్కు లేదని తేల్చింది. తప్పు చేసింది బ్యాంకు. చేతిలో చెల్లని దస్తావేజుతో మిగిలింది కొన్నవాడు. కింద చెప్పే పనులన్నీ ఆ స్థితి రాకుండా చూసుకోవడానికే.

1. టైటిల్ కంపెనీని మీరే ఎంచుకోండి

ఏజెంటో బిల్డరో చెప్పిన కంపెనీకే వెళ్లాలన్న నియమం లేదు. బ్యాంకు రుణంతో కొనే ఇళ్ల విషయంలో, ఫలానా కంపెనీ దగ్గరే టైటిల్ ఇన్సూరెన్స్ (హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా) తీసుకోవాలని అమ్మేవారు షరతు పెట్టకూడదని, ఇళ్ల కొనుగోలు వ్యవహారాలకు సంబంధించిన 1974 నాటి రెస్పా చట్టం చెబుతుంది. పెడితే ఆ ఖర్చుకు మూడింతలు చెల్లించవలసి వస్తుంది. గిరాకీని పంపినందుకు కమీషన్లు ఇచ్చిపుచ్చుకోవడమూ నేరమే. ఈ కట్టడి ఊరికే రాలేదు. వసూలైన ప్రీమియంలో క్లెయిముల కింద పోయేది సుమారు 5 శాతమేనని కేంద్ర ఆడిట్ సంస్థ 2007లో లెక్కచెప్పింది; మిగిలిన దానిలో సింహభాగం ఏజెంట్లకే చేరుతుంది. టెక్సస్‌లో ప్రీమియంను రాష్ట్ర బీమా శాఖే నిర్ణయిస్తుంది కనుక అక్కడ బేరం ఎస్క్రో రుసుము (ఇరుపక్షాల డబ్బూ పత్రాలూ మధ్యలో ఉంచుకొని వ్యవహారం నడిపినందుకు తీసుకునేది) మీదనే సాగుతుంది.

2. ఓనర్స్ పాలసీ ఉందో లేదో అడగండి

బ్యాంకు కోరే లెండర్స్ పాలసీకి డబ్బు మీరే కట్టినా, అది కాపాడేది బ్యాంకును. అప్పు తీరేకొద్దీ దాని విలువ తగ్గి, అప్పుతోపాటే ముగిసిపోతుంది. ఓనర్స్ పాలసీకి ఒక్కసారి ప్రీమియం కడితే, ఆ ఇల్లు మీదిగానో మీ వారసులదిగానో ఉన్నంతకాలం రక్షణ ఉంటుంది.

3. టైటిల్ కమిట్‌మెంట్‌ను అక్షరం అక్షరం చదవండి

క్లోజింగ్‌కు (సంతకాలు పెట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజుకు) కొన్ని రోజుల ముందు, ఏ షరతుల మీద బీమా ఇస్తారో చెబుతూ ఈ-మెయిల్‌లో వచ్చే ఈ పత్రాన్ని చాలామంది తెరిచి కూడా చూడరు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా విలువైన కాగితం లేదు.

టెక్సస్ నమూనానే తీసుకుంటే అందులో నాలుగు షెడ్యూళ్లు ఉంటాయి. ‘ఎ’లో మీ పేరు, ఆస్తి వివరణ, పాలసీ మొత్తం కనిపిస్తాయి. మనవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, రుణ దరఖాస్తులో మరో చోట చేరి, దస్తావేజులో మూడో రూపం తేలుతుంది. పదేళ్ల తర్వాత అమ్మబోతే ఆ పేర్లన్నీ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాసివ్వవలసి వస్తుంది. రెడ్డి, రావు వంటి పేర్లున్నవారికి వేరెవరి మీదో ఉన్న కోర్టు బాకీ తగులుకోవడమూ కద్దు.

‘బి’లో బీమా వర్తించని మినహాయింపులు ఉంటాయి. విద్యుత్ లైన్ల ఈజ్‌మెంట్లు (మీ స్థలాన్ని ఇతరులు వాడుకునే హక్కులు), హెచ్‌వోఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు, సరిహద్దు వివాదాలు ఇక్కడ చేరతాయి. టెక్సస్‌లో ప్రాథమిక ప్రీమియం మీద 5 శాతం అదనంగా కడితే, సర్వే తేడాలకు సంబంధించిన మినహాయింపును చాలావరకు కుదించుకోవచ్చు. పెరట్లో పూల్ కట్టించే ఆలోచన ఉంటే ఈజ్‌మెంట్ ఎక్కడిదాకా ఉందో సర్వే కాగితం మీద వేలుపెట్టి చూపించమనండి.

‘సి’లో క్లోజింగ్ లోపు తీరవలసిన షరతులు ఉంటాయి. పాత యజమాని ఎప్పుడో తీర్చేసిన అప్పుకు విడుదల పత్రం రికార్డుకు ఎక్కకపోతే అది ఇక్కడే బయటపడుతుంది. ఇల్లు ఫోర్‌క్లోజర్‌లో బ్యాంకుకు వచ్చినదైతే, అప్పు బదిలీ పత్రాల తేదీలు వేలం తేదీకి ముందువేనా అని సూటిగా రాసి అడగండి. ‘డి’లో మీ ప్రీమియం ఎవరెవరికి ఎంత చేరుతుందో ఉంటుంది. బిల్డరు చెప్పిన టైటిల్ కంపెనీలో బిల్డరుకే వాటా ఉన్న సంగతి కొందరికి ఈ పేజీలోనే తెలుస్తుంది.

4. మూడు రోజుల గడువును వాడుకోండి

2015 అక్టోబరు నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం రుణం, ఖర్చుల తుది లెక్కలు చూపే క్లోజింగ్ డిస్‌క్లోజర్ మీకు క్లోజింగ్‌కు కనీసం మూడు పనిదినాల ముందు అందాలి. దాన్ని మొదట్లో ఇచ్చిన లోన్ ఎస్టిమేట్ (రుణ ఖర్చుల అంచనా) పక్కన పెట్టి, వడ్డీ, రుసుములు, చేతినుంచి కట్టవలసిన మొత్తం వరుసగా పోల్చండి.

5. డబ్బు పంపే ముందు ఫోన్ చేయండి

డబ్బు పంపవలసిన ఖాతాను మార్చి మోసం చేసేవారు ఏజెంట్ల ఈ-మెయిల్ ఖాతాల్లోకి చొరబడి, క్లోజింగ్ తేదీ దాకా ఓపికగా కాచుకుంటారు. చివరి రోజు ‘మా ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ కొత్త ఖాతాకు పంపండి’ అని ఉత్తరం వస్తుంది. లోగో, ఫైలు నంబరు, ఇంటి చిరునామా అన్నీ సరిగ్గానే ఉంటాయి. పంపినవారి చిరునామాలో చిన్న ‘ఎల్’ అక్షరం ఉండవలసిన చోట 1 అంకె ఉంటుంది. అందుకే ఆ ఉత్తరంలోని నంబరుకు కాకుండా, మొదట్లో మీరు స్వయంగా రాసుకున్న నంబరుకు ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకోండి. డబ్బు వెళ్లిపోయిందని తెలిస్తే ఆ నిమిషమే మీ బ్యాంకుకు చెప్పి వెనక్కి రప్పించమనాలి, ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ ఐసీ3 విభాగానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయాలి. గంటలు గడిచేకొద్దీ దొరికే ఆశ సన్నగిల్లుతుంది.

6. దస్తావేజు రికార్డయ్యాక

ఆస్తి పత్రాలు రికార్డు చేసే కౌంటీ క్లర్క్ వెబ్‌సైటులో మీ దస్తావేజు నకలు చూసుకోండి. మీ పేరు మీద ఏ పత్రం దాఖలైనా కబురు పంపే సదుపాయాన్ని చాలా కౌంటీలు ఉచితంగానే ఇస్తున్నాయి. నెలనెలా డబ్బు తీసుకొని ‘టైటిల్‌కు తాళం వేస్తాం’ అనే ప్రకటనల్లోని సేవ కూడా చాలావరకు ఇంతే. అది బీమా కాదు. ఇండియాకు వచ్చేసి అక్కడ ఖాళీ స్థలం ఉంచుకున్నవారు ఈ కబురు సదుపాయం తప్పనిసరిగా పెట్టుకోవాలి, ఎందుకంటే యజమానిగా నటించి అమ్మేవారు వెతికేది అటువంటి స్థలాలనే.

7. వాయిదాలు తప్పితే

ఉద్యోగం పోయినప్పుడు వచ్చే ఉత్తరాలను విప్పకుండా పక్కన పడేయడం పెద్ద పొరపాటు. 2014 జనవరి నుంచి ఉన్న కేంద్ర నియమాల ప్రకారం, మీరు నివసించే ఇంటి విషయంలో బాకీ 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజులకు ముందే సహాయం కోరుతూ పూర్తి దరఖాస్తు అందిస్తే, దాన్ని తేల్చకుండా వేలం వేయకూడదు. ఇల్లు కాపాడతామని ముందుగా డబ్బు అడిగేవారికి ఒక్క డాలరు కూడా ఇవ్వకండి; దస్తావేజు తాత్కాలికంగా తమ పేరున రాయమనేవారిని గుమ్మం దగ్గరే ఆపండి. కేంద్ర గృహ, నగరాభివృద్ధి శాఖ (హడ్) గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సిలర్ల సలహా సాధారణంగా ఉచితం.

న్యూజెర్సీలో ఫోర్‌క్లోజర్ కోర్టు ద్వారా సాగుతుంది కనుక కొంత వ్యవధి దొరుకుతుంది. టెక్సస్‌లో అలా కాదు: నివాస గృహానికి బాకీ తీర్చుకునేందుకు కనీసం 20 రోజులు, ఆపైన వేలానికి 21 రోజుల నోటీసు, ఆ తర్వాత నెలలో మొదటి మంగళవారం ఉదయం 10 నుంచి సాయంత్రం 4 లోపు కౌంటీ కోర్టు ఆవరణలో వేలం. అక్కడ అమ్ముడుపోయిన ఇంటిని తర్వాత డబ్బు తెచ్చి విడిపించుకునే హక్కు మామూలు మార్ట్‌గేజ్ అప్పులకు లేదు.