హన్మకొండలో లాప్‌టాప్, డాలస్‌లో ఫోన్: క్విప్‌లాష్ 2 మన మాటల్లో ఆడించడం

పండక్కి రాలేని వాళ్లతో వీడియో కాల్ పెడితే పది నిమిషాల్లో మాటలు అయిపోతాయి. అదే కాల్‌లో ఒక ఆట నడుస్తుంటే గంట దాటినా ఎవరూ లేవరు. ఇందుకు జాక్‌బాక్స్ పార్టీ ప్యాక్ 3లో ఉన్న ఐదు ఆటల్లో క్విప్‌లాష్ 2 బాగా కుదురుతుంది. ఒక ప్రశ్న ఇద్దరికి వెళ్తుంది. ఇద్దరూ చెరో కొంటె జవాబు రాస్తారు. మిగతావాళ్లు నచ్చినదానికి ఓటేస్తారు. తప్పూ ఒప్పూ లేవు, జాయ్‌స్టిక్ పట్టడం రావాల్సిన పనీ లేదు. ముగ్గురి నుంచి ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. తొమ్మిదో మనిషి నుంచి వచ్చినవాళ్లు ప్రేక్షకులవుతారు, వాళ్లకూ ఓటుంటుంది. రాయడానికి మొహమాటపడే అమ్మమ్మలను, మేనత్తలను అక్కడ కూర్చోబెడితే వాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వుతారు.

ఆట కొనాల్సింది నడిపేవాళ్లు ఒక్కరే. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో కొని లాప్‌టాప్‌లో వేసుకోవాలి. మిగతావాళ్లు ఏ యాప్ దించుకోనక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో జాక్‌బాక్స్ డాట్ టీవీ తెరిచి, తెర మీద కనిపించే నాలుగక్షరాల కోడ్, తమ పేరు కొడితే చాలు. మొదట చేరినవాళ్ల ఫోన్‌కే ఆట మొదలుపెట్టే బటన్ వస్తుంది. కాబట్టి కోడ్ గ్రూపులో పెట్టకముందే మీ ఫోన్‌తో మీరు చేరిపోండి. లేకపోతే ఏడేళ్ల పిల్లాడు ముగ్గురు రాగానే స్టార్ట్ నొక్కేస్తాడు, మిగిలినవాళ్లు బయటే ఉండిపోతారు.

ఆలస్యం ఎక్కడ, ఎందుకు

దూరంగా ఉన్నవాళ్లతో ఆడేటప్పుడు ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "మాకు లేటుగా వస్తోంది" అనేదే. ఇక్కడ రెండు దారులున్నాయి. ఫోన్‌లో నొక్కింది నేరుగా ఆట సర్వర్‌కు పోతుంది, దానికి ఆలస్యం దాదాపు లేదు. ఆలస్యమయ్యేది బొమ్మ: మీ లాప్‌టాప్ తెర జూమ్ మీదుగా అవతలికి చేరే దారి. క్విప్‌లాష్‌లో ప్రశ్న, ఓటు వేయాల్సిన జవాబులు ఫోన్‌లోనే కనిపిస్తాయి, అందుకే బొమ్మ ఒకటి రెండు సెకన్లు వెనకబడ్డా ఆట చెడదు. ఎవరు ముందు నొక్కితే వాళ్లకు పాయింట్ అనే ఆటలు మాత్రం దూరం వాళ్లతో పెట్టుకోకండి. న్యాయం జరగదు, గొడవ మిగులుతుంది.

యూట్యూబ్ లైవ్‌లో పెట్టి ఆడిద్దామనుకుంటే లేటెన్సీ (ఆలస్యం) సెట్టింగ్‌ను అల్ట్రా లోలో పెట్టాలి. మామూలు సెట్టింగ్‌లో బొమ్మ చాలా సెకన్లు వెనకబడుతుంది, ఫోన్‌లో ఓటు టైము అయిపోయాక వీడియోలో ప్రశ్న వస్తుంది. పది పదిహేను మందికి జూమ్ గానీ గూగుల్ మీట్ గానీ మేలు. ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోతుంది, ఉచిత మీట్ ఇద్దరు దాటితే 60 నిమిషాలకు. ఒక ఆట పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అంటే 40 నిమిషాల్లో రెండు ఆటలు ఇరుకుగా పడతాయి. రెండోది మొదలయ్యాక కాల్ తెగడం కంటే, మొదటి ఆట కాగానే మీరే కాల్ మార్చడం మంచిది. దుబాయి వాళ్లుంటే వాట్సాప్ కాల్‌ను నమ్ముకోకండి. అక్కడ వాటికి అడ్డంకి ఉంది. ముందురోజు వాళ్లతో జూమ్ ఒకసారి కలిపి చూడండి.

తెర పంచుకునేటప్పుడు:

1. ఆట సెట్టింగ్స్‌లో ఫుల్ స్క్రీన్ తీసేసి విండోలో పెట్టండి. ఫుల్ స్క్రీన్‌లో ఉండగా ఇంకో కిటికీకి మారితే ఆట కిందికి పోతుంది, అవతలివాళ్లకు నల్ల తెర కనిపిస్తుంది.
2. మొత్తం స్క్రీన్ కాకుండా ఆట విండో ఒక్కటే షేర్ చేయండి. లేకపోతే మీకొచ్చిన ప్రతి వాట్సాప్ మెసేజ్ చుట్టాలందరూ చదువుతారు.
3. జూమ్‌లో షేర్ నొక్కే పెట్టెలోనే షేర్ సౌండ్ అనే టిక్ ఉంటుంది. అది మరిచిపోతే ఆట మూగదవుతుంది. మీట్‌లో క్రోమ్ నుంచి ఆట విండో షేర్ చేస్తే శబ్దం వెళ్లకపోవచ్చు. విండోస్‌లో మొత్తం స్క్రీన్ షేర్ చేస్తూ సిస్టమ్ ఆడియో బటన్ ఆన్ చేయాలి. అప్పుడు నోటిఫికేషన్లు బందు పెట్టుకోండి.
4. ఆట సెట్టింగ్స్‌లో రాసే సమయాన్ని పెంచే ఎక్స్‌టెండెడ్ టైమర్స్ ఆన్ చేయండి. తెలుగులో టైప్ చేసేవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది తప్పనిసరి.

లాప్‌టాప్‌ను హాల్లో టీవీకి కలిపితే ఇంకో తంటా. ఆట శబ్దం షేర్ సౌండ్ ద్వారా ఒకసారి, టీవీ నుంచి మీ మైకులోకి దూరి ఇంకోసారి అవతలికి పోతుంది. వాళ్లకు గుహలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. టీవీ సౌండ్ బాగా తగ్గించండి, రాసే సమయంలో మైకు మ్యూట్ చేయండి, జవాబులు బయటపడేటప్పుడు తెరవండి. ఆ నవ్వు అవతలివాళ్లకు వినిపించకపోతే ఆటకు అర్థమే లేదు. ఒకే గదిలో ఇద్దరు జూమ్‌లో ఉంటే ఒకరి మైకే ఉంచాలి. "పెద్దమ్మా, నీ ఫోన్ మైకు బందు జెయ్యి" అని ఓ నాలుగు సార్లు అనాల్సి వస్తుంది, అంతే.

హాట్‌స్పాట్ కంటే ఇంటి ఫైబర్ కనెక్షన్ మేలు. వైఫై కంటే కేబుల్ వైరు మేలు. నడిపేవాళ్లకు అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. చూసుకోవాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. రూటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో కూడా ముందే చూడండి.

ప్రశ్నలు మనవి కావాలి

ఆటలో వచ్చే ప్రశ్నలు ఇంగ్లీషువి, చాలావరకు అమెరికా సంగతులు. ఫ్యామిలీ ఫిల్టర్ పెడితే ముతక ప్రశ్నలు పోతాయి గానీ, జనం రాసే జవాబులను అది ఆపదు. అసలు రుచి సొంత ప్రశ్నల్లో ఉంది. ఆట మెనూలో సొంత ఎపిసోడ్, అంటే మన ప్రశ్నల కట్ట, తయారుచేసుకునే చోటు ఉంటుంది. అక్కడికి వెళ్తే ఫోన్ బ్రౌజర్ నుంచే ప్రశ్నలు ఎక్కించొచ్చు. ముందు అన్నీ ఒక నోట్స్‌లో రాసుకుని, ఆ తర్వాత ఒక్కొక్కటి అతికించడం సులువు.

ఎన్ని రాయాలి? ఎనిమిది మంది ఆడితే ఒక్కో రౌండులో ఒక్కొక్కరికి రెండు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న ఇద్దరికి. అంటే రౌండుకు ఎనిమిది, మొదటి రెండు రౌండ్లకు 16. రాత్రికి రెండు ఆటలంటే 32. కొన్ని చదివేటప్పటికే చప్పగా తేలుతాయి కాబట్టి 40 రాసుకోండి.

ముందు ఒకే ఒక్క ప్రశ్న తెలుగు లిపిలో ఎక్కించి ఆడించి చూడండి. ఫోన్‌లో కనిపించేది బ్రౌజర్ రాసే అక్షరం, అక్కడ తెలుగు బాగానే వస్తుంది. లాప్‌టాప్ తెర మీద కనిపించేది ఆట సొంత ఫాంటుతో రాసేది. అక్కడ అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు వస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయక తప్పదు. అలాగైతే ముందే ఒక పద్ధతి అనుకోండి: దీర్ఘానికి అచ్చు రెండుసార్లు కొట్టాలి. లేకపోతే "పాలు", "పలు" ఒకేలా కనిపించి జోకు మునుగుతుంది. తెలుగు లిపి పనిచేస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. కంప్యూటర్ ఒత్తులనూ గుణింతాలనూ విడివిడిగా లెక్కపెడుతుంది. "స్త్రీ" మనకు ఒక అక్షరం, దానికి ఆరు. జవాబు పెట్టె త్వరగా నిండుతుంది కాబట్టి నాలుగైదు మాటల్లో తేలే ప్రశ్నలే రాయాలి.

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు: ఇంగ్లీషు ప్రశ్నల తీరు చూసి వాక్యం మధ్యలో ఖాళీ పెడతారు. "చిన్నాయన మేనకోడలి పెండ్లికి ____ తీసుకొని వచ్చిండు." మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి కొంటె మాట మధ్యలో ఇరుక్కుని, "తీసుకొని వచ్చిండు" అనేలోపు నవ్వు చల్లారుతుంది. అదే ప్రశ్నను తిప్పి రాయండి: "మేనకోడలి పెండ్లిల చిన్నాయన చదివించింది: ____". ఇప్పుడు జవాబే ఆఖరి మాట. ఖాళీ ఎప్పుడూ చివరే.

రెండో తప్పు, ఒకే జవాబున్న ప్రశ్న. "సకినాల పిండిలో నువ్వులతోపాటు వేసేది: ____" అంటే ఇద్దరూ వాము అనే రాస్తారు. ఇద్దరి జవాబూ ఒకటే అయితే ఈ ఆటలో ఇద్దరికీ సున్నా. దాన్నే ఇలా మార్చండి: "సకినం చుట్టబోతే వంకర పోయింది. దానికి ఇప్పుడు పెట్టే పేరు: ____". ఒకరు "రింగ్ రోడ్డు" రాస్తారు, ఇంకొకరు "బావ సంతకం" రాస్తారు. ఓటు వేసేవాళ్లకు పని దొరుకుతుంది.

మరికొన్ని, ఇలాగే వాడుకోవచ్చు:

కాజీపేట జంక్షన్‌ల బండి గంట సేపు ఆగింది. మైకుల చెప్పని అసలు కారణం: ____
ఏనుమాముల మిర్చి మార్కెట్‌ల పది నిమిషాలు తుమ్మకుండ నిలబడ్డోనికి ఇచ్చే బిరుదు: ____
మేడారంల నిలువెత్తు బంగారం తూగుతుంటే త్రాసు మెల్లగ అన్న మాట: ____
వేయిస్తంభాల గుడిల స్తంభాలు లెక్కబెట్టబోయినాయన సగంల ఆగిపోయిన కారణం: ____
చిన్నాయన "దారిల ఉన్న" అన్నడంటే నిజంగ ఉన్న చోటు: ____

మూడోది జాతర చూసినవాళ్లకు వెంటనే అందుతుంది. టెక్సాస్‌లో పుట్టిన పిల్లకు అక్కడ బంగారమంటే బెల్లమని తెలియకపోవచ్చు. అందుకే 40లో పాతిక దాకా ఎవరికైనా అందేవి ఉంచి, ఊరి సంగతులవి పది, ఇంటి మనుషుల మీద ఐదు చాలు. మనుషుల మీద రాసేటప్పుడు తన మీద తానే జోకులేసుకునే మనిషినే ఎంచుకోండి. కొత్తల్లుడి మీద మొదటి ఏడాది ప్రశ్న వద్దు. అప్పులు, బరువు, పెళ్లి ఎప్పుడు అనేవి అసలే వద్దు.

ఆటలో యాంకర్ గొంతు ముందే రికార్డు చేసింది, మీ ప్రశ్నలను అది చదవదు. చదివే మనిషి ఒకరు కావాలి. రెండు జవాబులనూ ఒకే తీరుగా, నవ్వకుండా చదివేవాళ్లయితే బాగుంటుంది. ఒకదాన్ని ఊరించి చదివితే ఓట్లు అటే పడతాయి.

ఆ రోజు

ఆదివారం రాత్రి 8 గంటలకు పెట్టుకుంటే దుబాయిలో సాయంత్రం 6:30, సౌదీలో 5:30, డాలస్‌లో పొద్దున 9:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పటి నుంచి డాలస్ వాళ్లకు 8:30 అవుతుంది. గ్రూపులో ముందురోజే ఇలా పెట్టండి:

"అందరికి నమస్తే. రేపు రాత్రి 8కి ఆట. రెండు తెరలుంటే మంచిది: ఒకటి జూమ్ చూడనీకి, ఇంకోటి ఆడనీకి. ఒకటే ఫోన్ ఉన్నోళ్లు స్ప్లిట్ స్క్రీన్ పెట్టుకోండ్రి. లింకు వాట్సాప్‌లనే తెరవకుండ్రి, క్రోమ్‌ల తెరవండ్రి. చార్జింగ్ పెట్టుకొని రాండ్రి. కోడ్ 8:10కి చెప్త."

క్రోమ్ అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మెసేజ్ చూసుకోవడానికి వెనక్కి వస్తే వాట్సాప్ లోపల తెరిచిన పేజీ మూసుకుపోతుంది, ఆడేవాళ్లు ఆటలోంచి జారిపోతారు. స్క్రీన్ ఆరిపోయినా అంతే. జారిపోయినవాళ్లు అదే బ్రౌజర్‌లో అదే కోడ్, అదే పేరు కొడితే తమ చోటుకు తిరిగి వస్తారు. పేరు మార్చి కొడితే కొత్త మనిషి కింద లెక్క, ప్రేక్షకుల్లో పడతారు. పేరు పొట్టిగా పెట్టుకోమని చెప్పండి, "శ్రీను బావ" చాలు.

మొదటి ఆటను లెక్కలోకి తీసుకోకండి. అది చేతులు తిరగడానికి. పెద్దవాళ్లు మొదటి రౌండులో ఖాళీగా వదిలేస్తారు, రెండో రౌండుకు దారిలో పడతారు.

ఆడేవాళ్ల నెట్ పోతే ఆట ఆగదు. నడిపే లాప్‌టాప్ నెట్ పోతే మాత్రం ఆ కోడ్‌తో తెరిచిన ఆట గదే మూతపడుతుంది. కరెంటు పోయి రూటర్ ఆగితే వెంటనే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి, ఆట మళ్లీ తెరిచి, కొత్త కోడ్ తీసుకోండి. పాత కోడ్ మెసేజ్‌ను గ్రూపులోంచి తీసేసి కొత్తది పెట్టండి. లేకపోతే సగం మంది పాతదే కొడుతూ "గది లేదంటంది" అని పావుగంట అడుగుతూనే ఉంటారు.