పాత కారులో ఛార్జింగ్ దీపం ఆరకపోతే ఏం చూడాలి

బ్యాటరీ గుర్తుతో ఉండే ఎర్ర దీపం తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. అలా ఆరకపోతే వెంటనే కొత్త ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) కొనడానికి తొందరపడకూడదు. ఛార్జింగ్‌లో లోపం ఉందని మాత్రమే ఆ దీపం తెలుపుతుంది. ఆ లోపం ఏ భాగంలో ఉందో మనమే కొలిచి తెలుసుకోవాలి.

దారిలో దీపం వెలిగితే బండి పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, ముందుగా ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్ట్ చూడాలి. చాలా పాత కార్లలో నీటి పంపును తిప్పేదీ ఆ బెల్టే కనుక, అది తెగితే ఇంజన్ త్వరగా వేడెక్కి పాడవుతుంది. అటువంటప్పుడు బండిని నడపనే కూడదు. బెల్ట్ వదులైనా, నూనె అంటి జారుతున్నా ఛార్జింగ్ తగ్గుతుంది.

బెల్ట్ బాగుంటే వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీసుకోవాలి. కొన్ని గంటలు ఆగి ఉన్న మంచి 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజన్ వేగం కాస్త పెంచినప్పుడు అది 13.8 నుంచి 14.5 మధ్యకు చేరాలి. చేరకపోతే మీటరు ఒక కొనను ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ బిగించిన బోల్టుకు, రెండో కొనను బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు ఆనించి, ఇంజన్ నడుస్తుండగానే హెడ్‌లైట్లు వేసి కొలవాలి. తేడా 0.3 వోల్టు దాటితే తప్పు తీగలోనో, తుప్పు పట్టిన కనెక్షన్‌లోనో ఉంది. ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కూడా ఇలాగే కొలవాలి. పాత బండ్లలో ఎర్త్ తీగలు (బ్యాటరీ మైనస్‌ను బండి ఒంటికీ ఇంజన్‌కూ కలిపేవి) తరచుగా దెబ్బతింటాయి కనుక ఈ రెండో కొలతను వదిలేయవద్దని నా గట్టి సలహా.

తాళం తిప్పినా దీపం అసలు వెలగకపోవడమూ లోపమే. చాలా పాత ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. తాళం తీసేశాక కూడా దీపం మసగ్గా వెలుగుతుంటే ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ పోయిందని అనుమానించాలి. బ్యాటరీ రాత్రికి రాత్రే ఖాళీ కాకుండా మైనస్ టెర్మినల్ విప్పి ఉంచాలి.

ఇంజన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ టెర్మినల్ ఎప్పుడూ విప్పకూడదు. ఆ క్షణంలో ఎగసే వోల్టేజీకి డయోడ్లు కాలిపోవచ్చు. తీగలు, బెల్ట్, బల్బు అన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతే ఆల్టర్నేటర్ విప్పించాలి. అప్పుడు కూడా ముందుగా లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూపించుకోవాలి. బ్రష్‌లు అరగడమే కారణమైతే వాటిని మారిస్తే చాలు.