తేమకి మొరాయించే పాత కారు: ముందు క్యాప్ విప్పి చూడండి

డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో స్పార్క్ ప్లగ్గుకి వంతుల వారీగా కరెంటు పంచే భాగం) ఉన్న పాత సెడాన్ తేమగా ఉన్న ఉదయం స్టార్ట్ కాకపోతే వెంటనే కొత్త కాయిల్ (ప్లగ్గులకి కావాల్సిన హై వోల్టేజ్ పుట్టించే భాగం) కొనేయకండి. ఇగ్నిషన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి లోపల చూడండి. చెమ్మ ఉంటే పొడి గుడ్డతో తుడవండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. వెంట్రుకల్లాంటి సన్నటి నల్లగీతలు కనిపిస్తే మాత్రం క్యాప్ పనైపోయినట్టే. కరెంటు ప్లగ్గుకి వెళ్లకుండా ఆ గీతల వెంట జారిపోతుంది. క్యాప్, దాని కింద తిరిగే రోటర్ రెండూ కలిపి మార్చేయాలి.

ప్లగ్ వైర్ల మీద అనుమానమా? చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడండి. నీలం మెరుపులు కనిపిస్తే అక్కడ లీకే. చెయ్యి మాత్రం పెట్టొద్దు, వేల వోల్టులు! మార్చేటప్పుడు ఒక్కొక్క వైరే తీసి పెట్టండి. అన్నీ ఒకేసారి పీకేసి, ఫైరింగ్ ఆర్డర్ (ఏ సిలిండర్ తర్వాత ఏది మండాలో ఆ వరుస) తెలియక నేనో ఆదివారమంతా తలపట్టుకున్నాను.