బైకు ఇంజిన్ కింద ఆయిల్ చుక్కలు: కారే చోటు కనిపెట్టడం, ఇంట్లోనే ఆపడం

రాత్రి బండి నిలిపిన చోట తెల్లవారేసరికి రూపాయి బిళ్ళంత నల్లటి మరక కనిపించగానే, చాలామంది పానా తీసుకుని చేతికి అందిన ప్రతి బోల్టునూ ఇంకొంచెం బిగిస్తారు. చిన్న లీకేజీని పెద్ద ఖర్చుగా మార్చేది ఎక్కువసార్లు ఆ బిగింపే. ఇంజిన్ కేసు అల్యూమినియంతోనూ, బోల్టు ఉక్కుతోనూ తయారవుతాయి కాబట్టి, బలం ఎక్కువైతే ముందుగా పాడయ్యేది కేసులోని మర. అందువల్ల పానా పట్టుకునే ముందు చేయవలసిన పని చూడటం, తుడవటం, మళ్ళీ చూడటం. గాలితో చల్లబడే ఒకే సిలిండరు ఉన్న 100 నుంచి 125 సీసీ బండ్లను, ముఖ్యంగా మన ఊళ్ళలో విరివిగా తిరిగే స్ప్లెండర్ తరహా ఇంజిన్లను దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను.

కారేది ఇంజిన్ ఆయిలేనా?

పెట్రోలు అయితే వాసనతోనే తెలిసిపోతుంది, కాసేపటికి ఆవిరైపోతుంది. చైన్‌కు పూసిన నూనె అయితే జిగటగా ఉండి, వెనుక చక్రం రిమ్ము మీద చుక్కలుగా చిమ్ముతుంది. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, వేళ్ళ మధ్య రుద్దితే నున్నగా జారుతుంది. అదేనని తేలితే వెంటనే మట్టం చూడాలి. సమతలంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగిన తరువాత డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే గీతలున్న పుల్ల) తీసి తుడిచి మళ్ళీ దించాలి. ఈ తరహా బండ్లలో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా, ఊరికే ఆనించి తీసి చూడాలి. ఆయిల్ అంచు కింది గీత కంటే దిగువన ఉంటే, లీకేజీ సంగతి తరువాత, ముందు ఆయిల్ పోయనిదే బండి కదిలించకూడదు.

కారే చోటు పట్టుకోవడం

స్ప్లెండర్ ఇంజిన్‌లో సిలిండరు నేలకు దాదాపు సమాంతరంగా పడుకుని, దాని కొసను మూసే హెడ్డు ముందు చక్రం వైపు ఉంటుంది. హెడ్డు దగ్గర కారిన ఆయిల్ బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కు పాకి, క్రాంక్‌కేసు (ఇంజిన్ కింది పెట్టె) అడుగున, ఆయిల్ కారబెట్టడానికి ఉన్న డ్రెయిన్ బోల్టు దగ్గరకు చేరి, అక్కడ చుక్కగా వేలాడుతుంది. చుక్క పడే చోటు, కారే చోటు ఒకటే అనుకోవడం వల్లనే మంచి బోల్టులు పాడవుతాయి.

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత, గాలి ఆడే చోట, కొద్దిగా కిరోసిన్, పాత టూత్ బ్రష్షు తీసుకుని హెడ్డు నుంచి అడుగు దాకా మట్టి, జిడ్డు లేకుండా కడగాలి. పెట్రోలు వాడవద్దు, నిప్పు ప్రమాదం. పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లాలి. ఇంజిన్‌ను నిలిపిన చోటనే ఐదు నిమిషాలు నడిపి చూస్తే, తెల్లటి పొడి మీద తడి గీత ఒకటి బయలుదేరుతుంది. ఆ గీతను కింది నుంచి పైకి, వెనుక నుంచి ముందుకు వెతుక్కుంటూ వెళితే అది మొదలైన చోటే కారే చోటు.

లక్షణం: అడుగున బోల్టు చుట్టూ తడి

పౌడర్ మీద గీత డ్రెయిన్ బోల్టు దగ్గరే మొదలైతే, కారణం సాధారణంగా దాని వాషరు. ఈ వాషరు మెత్తగా ఉండి, బిగించినప్పుడు నలిగి సందును మూస్తుంది. ఒకసారి నలిగినది గట్టిపడుతుంది కాబట్టి, రెండోసారి అదే పనిని సరిగా చేయలేదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయడమే పద్ధతి. రాగి వాషరు అయి, దుకాణం దొరకని పరిస్థితి ఉంటే, దానిని పట్టుకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి చల్లార్చితే మళ్ళీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొరను రుద్ది తీసేసి వాడుకోవచ్చు. అల్యూమినియం వాషరుకు ఈ పని చేయకూడదు, కరిగిపోతుంది.

బోల్టును మొదట వేళ్ళతోనే తిప్పాలి. రెండు మూడు చుట్లు సాఫీగా తిరగకపోతే మర అడ్డంగా పడిందని అర్థం, వెనక్కు తీసి మళ్ళీ పెట్టాలి. వాషరు ఆనిన తరువాత మామూలు పొడవున్న పానాతో సుమారు పావు చుట్టు సరిపోతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానా ఉంటే సర్వీసు పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం బిగించవచ్చు. కొన్నేళ్ళ క్రితం ఒక మెకానిక్ నా బండి డ్రెయిన్ బోల్టును పానాకు ఇనుప గొట్టం తొడిగి బిగించాడు. తరువాతి ఆయిల్ మార్పిడిలో ఆ బోల్టుతో పాటు వెండి తీగలా మెరుస్తున్న అల్యూమినియం మర ముక్క చుట్టుకుని బయటికి వచ్చింది. ఆ రంధ్రానికి లేత్ దుకాణంలో కొత్త మర ఉన్న బుష్ వేయించవలసి వచ్చింది.

లక్షణం: హెడ్డు దగ్గర తడి, మాడు వాసన

హెడ్డు మీద ఒకటి, కింద ఒకటి వాల్వుల సందు సరిచూడటానికి విప్పే గుండ్రటి టాపెట్ మూతలు ఉంటాయి. వాటి లోపలి రబ్బరు ఓ-రింగు వేడికి గట్టిపడి, పగిలినప్పుడు ఆయిల్ చిమ్మి, వేడి రెక్కల మీద పడి మాడు వాసన వస్తుంది. పాత ఓ-రింగును గోరుతో నొక్కితే రబ్బరులా కాక ప్లాస్టిక్‌లా తగులుతుంది. మూత విప్పే ముందు చుట్టూ శుభ్రం చేయకపోతే మట్టి నేరుగా వాల్వుల దగ్గరకు పోతుంది. కింది మూత తీసినప్పుడు కొంత ఆయిల్ కారడం సహజం, గిన్నె పెట్టుకోవాలి. కొత్త ఓ-రింగుకు ఇంజిన్ ఆయిల్ రాసి, గాడిలో మెలిపడకుండా కూర్చోబెట్టి మూత బిగిస్తే చాలు.

లక్షణం: ఒక చోట కాదు, అన్ని చోట్లా చెమ్మ

సీళ్ళు, గ్యాస్కెట్లు (అతుకుల మధ్య వేసే పలచటి పొరలు) కొనే ముందు ఈ అవకాశాన్ని తప్పక చూడాలి. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా క్రాంక్‌కేసులోని గాలి ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి బయటికి పోవడానికి బ్రీదర్ గొట్టం ఉంటుంది. అది నలిగినా, మట్టితో పూడినా, ఒత్తిడి ఆయిల్‌ను బలహీనంగా ఉన్న ప్రతి అతుకు నుంచీ తోస్తుంది. ఆయిల్ ఎక్కువ పోసినా పరిస్థితి ఇంతే, పైగా ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి కూడా చేరుతుంది. బండి పుస్తకంలో ఇంజిన్ విప్పినప్పటి పరిమాణం, ఆయిల్ మార్చినప్పటి పరిమాణం అని రెండు లెక్కలు ఉంటాయి. విప్పకుండా కారబెట్టినప్పుడు కొంత ఆయిల్ లోపలే మిగులుతుంది కాబట్టి రెండోది తక్కువ. డబ్బా మొత్తం పోసేయకుండా, డిప్‌స్టిక్ మీది గీత చూసుకుంటూ పోయాలి. ఎక్కువైనది తీసేసి, గొట్టం ఊడదీసి ఊది చూసి, శుభ్రం చేస్తే చాలా లీకేజీలు ఏ విడిభాగమూ మార్చకుండానే ఆగిపోతాయి.

లక్షణం: ఎడమవైపు గేర్ రాడ్ దగ్గర తడి

గేర్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట ఉన్న ఆయిల్ సీల్ అరిగినట్టు. చాలా బండ్లలో దీనిని బయటి నుంచే మార్చవచ్చు. పాత సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెల్లో ముద్రించి ఉంటాయి, దానిని దుకాణానికి పట్టుకెళ్ళడం మేలు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో పెకలించేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. షాఫ్ట్ పళ్ళకు పలచటి టేపు చుట్టి, సీల్ పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగ్ కనిపించే వైపు లోపలికి ఉండేలా పెట్టి, అదే వ్యాసం ఉన్న సాకెట్‌తో నెమ్మదిగా, సమంగా తట్టాలి. కిక్ రాడ్ సీల్‌కూ ఇదే పద్ధతి.

లక్షణం: కుడివైపు క్లచ్ కవర్ అతుకు వెంట తడి

ఆయిల్ కారబెట్టి కవర్ విప్పాలి. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోటనే గుచ్చి ఉంచాలి. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో పడితే కేసు పగులుతుంది. పాత గ్యాస్కెట్‌ను ప్లాస్టిక్ ముక్కతో గీకి, కొత్తది వేసి, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించాలి. గ్యాస్కెట్ ఉండగా దాని మీద ట్యూబులో వచ్చే బాండ్ దట్టంగా పూయడం నాకు ససేమిరా నచ్చదు. లోపలికి ఉబికిన బాండ్ ముక్కలై ఆయిల్ జల్లెడకు అడ్డుపడితే, ఆయిల్ అందక హెడ్డులోని భాగాలు అరిగిపోతాయి.

లీకేజీ ఆగుతుందని చిక్కటి ఆయిల్ పోయడం, కార్ల ఆయిల్ పోయడం కూడా వద్దు. ఈ బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, డబ్బా మీద జాసో ఎంఏ (ఇలాంటి క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని తెలిపే గుర్తు) అని ఉన్నదే వాడాలి.

పని పూర్తయ్యాక మళ్ళీ పౌడర్ చల్లి ఐదు నిమిషాలు, ఆపైన పది కిలోమీటర్లు నడిపి చూడాలి. వెనుక టైరు మీద ఆయిల్ పడి ఉంటే సబ్బునీటితో కడిగిన తరువాతే రోడ్డెక్కాలి. తీసిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా డబ్బాలో మూతపెట్టి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వాలి.

గీత హెడ్డుకూ సిలిండరుకూ మధ్య మొదలైతే, లేదా కేసులోనే పగులు కనిపిస్తే, అది ఇంట్లో చేసే పని కాదు. అప్పుడు ఇంజిన్ కడగకుండా, పౌడర్ మీద తడి గీత అలాగే ఉండగా ఫోటో తీసుకుని వెళ్ళి మెకానిక్‌కు చూపిస్తే, ఆయన అవసరమైన చోటే విప్పుతాడు.