మొక్కల ప్రోటీన్ హైడ్రోలైజేట్: ఏది కొనాలి, ఎలా తాగాలి

సోయా, బఠాణీ, సెనగల ప్రోటీన్‌ని ఎంజైములతో ముందే ముక్కలు చేసిన పొడే హైడ్రోలైజేట్. కొందరు దీన్ని గుండె కోసం కొంటారు. ఆ ముక్కలు పెప్టైడ్లు. వాటిలో కొన్ని బీపీ పెంచే ఏసీఈ ఎంజైమును అడ్డుకుంటాయనీ, ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) సంకేతాలను తగ్గిస్తాయనీ ప్రయోగశాలల్లో తేలింది. మనుషుల్లో ఆధారాలు ఇంకా తక్కువే, వాటికీ ఒకదానితో ఒకటి పొంతన లేదు. కాబట్టి బీపీ మాత్ర మానేసి దీన్ని తాగడం ప్రమాదం.

కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా డబ్బా వెనక చదవండి. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఉత్త ‘ఐసోలేట్’ అని ఉంటే అది ముక్కలు చేయని ప్రోటీన్. సూప్, నూడుల్స్ పొట్లాల మీద కనిపించే ‘హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్’ అసలు వేరే సరుకు. రుచి కోసం వేసేది. దాన్ని ఎక్కువగా యాసిడ్‌తో ఉడికించి, తర్వాత క్షారం కలుపుతారు, అక్కడే ఉప్పు పుడుతుంది. గుండె కోసం కొనేవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు.

సోడియం లెక్క తప్పనిసరి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. రోజంతా కలిపి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, మన కంచంలో ఆవకాయ, అప్పడం ఎలాగూ ఉంటాయి.

మొదటి వారం రోజుకు 10 గ్రాములు చాలు. ఒక్కసారిగా ఎక్కువ తాగితే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలూ కావచ్చు. గ్లాసు పలచని మజ్జిగలో పొడి, వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం కలపండి. ఉప్పు వద్దు. చేదుగా ఉంటే పాడైందనుకోకండి, ప్రోటీన్ తెగినప్పుడు లోపలి చేదు ముక్కలు బయటపడతాయి. చక్కెరతో దాన్ని కప్పిపుచ్చొద్దు. ఈ పొడి తేమను ఇట్టే పీలుస్తుంది. వానాకాలంలో తడి చెంచా పెడితే గడ్డకడుతుంది. ముక్కిన వాసన వస్తే పారేయండి.

కిడ్నీ జబ్బున్నవాళ్లు, రామిప్రిల్ లాంటి (ఏసీఈని అడ్డుకునే) బీపీ మాత్రలు వాడేవాళ్లు ముందు డాక్టరుని అడగాలి. సోయా పడనివాళ్లకు సోయా హైడ్రోలైజేట్ కూడా పడకపోవచ్చు, ముక్కలు చేసినంత మాత్రాన అలర్జీ పోదు.

పనిచేస్తోందో లేదో కొలిచి చూడండి. పొద్దున టీకి ముందు, 5 నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు బీపీ రాసుకోండి. కొలెస్ట్రాల్ పరీక్ష మొదలుపెట్టే ముందు ఒకసారి, 3 నెలలకు ఒకసారి. లోపలి వాపును చూపే హెచ్ఎస్-సీఆర్‌పీ రక్తపరీక్ష చేయించుకుంటే జలుబు, జ్వరం తగ్గిన రెండు వారాల తర్వాతే వెళ్లండి, లేకపోతే అంకె ఊరికే పెరిగి కనిపిస్తుంది.