పాత అవుట్‌బోర్డ్ మోటారు ఉండుండి మిస్సింగ్ కొడుతుంటే

ఒడ్డున తాడు లాగగానే స్టార్ట్ అవుతుంది. కెరటం దాటేదాకా బాగానే లాగుతుంది. అరగంట పోయాక ఉన్నట్టుండి ఒక సిలిండరు పని మానేస్తుంది, కాసేపటికి మళ్లీ తనంతట తనే అందుకుంటుంది. మెకానిక్ దగ్గరకు మోసుకెళ్తే అక్కడ ఏ పేచీ పెట్టదు. కళింగపట్నం, భావనపాడు, కోనాడ, చింతపల్లి ఒడ్డుల్లో ఫైబర్ తెప్పల మీద వాడే రెండు సిలిండర్ల టూస్ట్రోక్ మోటార్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం.

ఇలాంటప్పుడు చాలామంది ముందు కార్బొరేటర్ మీద పడతారు. జెట్టు (పెట్రోలు వచ్చే సన్న బెజ్జం) ఊది, స్క్రూలు తిప్పి, మళ్లీ బిగిస్తారు. రోగం కార్బొరేటర్‌లో లేకపోతే పాత రోగం అలాగే ఉంటుంది, పైగా స్క్రూ సెట్టింగ్ తప్పి కొత్త రోగం తోడవుతుంది. మిస్సింగ్ ఎప్పుడొస్తోంది, ఎలా వస్తోంది అన్నది తేలాకే స్పానరు పట్టాలి.

పెట్రోలు చాలకపోతే మోటారు నెమ్మదిగా నీరసిస్తుంది. స్పీడు దిగుతుంది, గొంతు బొంగురుపోతుంది, ఆ తర్వాత ఆగుతుంది. స్పార్క్ పోతే అలా కాదు, స్విచ్చి ఆపినట్టు టక్కున పోతుంది, అంతే టక్కున వస్తుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది: జెట్టులో నీటిబొట్టు అడ్డుపడితే అది కూడా టక్కునే తడబడుతుంది. సముద్రం మీద మిస్సింగ్ మొదలవగానే పైపు మధ్యలోని రబ్బరు బల్బును గట్టిగా నొక్కండి. మోటారు కోలుకుంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (పెట్రోలును లాగే పలచటి పొర) బలహీనపడి ఉంటుంది, లేదా పైపులో ఎక్కడో గాలి దూరుతోంది. కోలుకోకపోతే చోక్ కొంచెం లాగి చూడండి. దాంతో అందుకుంటే పెట్రోలు చాలడం లేదని, ఇంకా మొండికేస్తే స్పార్క్ వైపు చూడాలని అర్థం. నడుస్తుండగా బల్బు చప్పగా లోపలికి పీక్కుపోయిందంటే ట్యాంకు మూత మీది గాలి స్క్రూ వదులు చెయ్యడం మరిచారు, లేదంటే ట్యాంకు లోపలి జాలీ పూడుకుపోయింది.

ఒడ్డుకు వచ్చాక చేసే మొదటి పరీక్షకు ఖర్చు లేదు. బాగా నడుస్తున్న పక్క తెప్ప ట్యాంకును పైపు, బల్బుతో సహా అరువు తెచ్చుకుని మీ మోటారుకు తగిలించి వేటకు వెళ్లి రండి. మిస్సింగ్ పోతే రోగం మోటారులో లేదు, మీ ట్యాంకులోనో పైపులోనో ఉంది. పైపు చివర్లు ఒక అంగుళం కోసి కొత్త క్లిప్పులు వెయ్యండి, కనెక్టరు లోపలి ఓ-రింగు మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. కొంత పెట్రోలు గాజు సీసాలో పోసి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ ట్యాంకు మొత్తం పారబోసి కడగాల్సిందే. ఆయిలు పాళ్లు మోటారు మీది పట్టీలో ఉన్నట్టే కలపాలి. 50కి 1 అంటే లీటరుకు 20 మి.లీ., 25కి 1 అంటే 40 మి.లీ. ఆయిలు కూడా టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే కొనండి. బండికి వేసే ఆయిలు పోస్తే ప్లగ్గుకు మసి తప్పదు.

పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కు మార్చే మోటారైతే, ఆపే ముందు కొన్ని నిమిషాలు మళ్లీ పెట్రోలు మీద నడపండి. కార్బొరేటర్ కప్పులో కిరోసిన్ మిగిలిపోతే తెల్లవారుజామున ప్లగ్గులు తడిసి మొరాయిస్తాయి.

ట్యాంకు మార్చినా మిస్సింగ్ పోలేదంటే ప్లగ్గులు విప్పి ఏది ఏ సిలిండరుదో గుర్తు పెట్టుకోండి. పాలు తక్కువైన టీ రంగులో ఉంటే మంచిది. ఒకటే తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండరు మండటం లేదు. తుప్పు పట్టినట్టుగానో, కడిగినట్టు మరీ శుభ్రంగానో ఉంటే హెడ్ గాస్కెట్ దగ్గర నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. ప్లగ్గు నంబరు కూడా చదవండి. ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్‌కు గ్యాప్ 0.6-0.7 మి.మీ., అదే నంబరు చివర "-10" ఉంటే 1.0 మి.మీ. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి దుకాణంలో ఏది దొరికితే అది ఇచ్చేస్తారు. ఆ రెండు ప్లగ్గులనూ అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి. మిస్సింగ్ ప్లగ్గుతో పాటు రెండో సిలిండరుకు వెళ్తే తప్పు ప్లగ్గుదే. వెళ్లకపోతే ప్లగ్గును వదిలేసి ముందుకు సాగండి. ఒకసారికి ఒకటే మార్చాలి. నాలుగు సామాన్లు ఒకేసారి మార్చి బాగు చేసినవాడికి ఏది పోయిందో ఎప్పటికీ తెలియదు.

మన తీరంలో స్పార్క్‌ను దొంగిలించేది ఎక్కువగా ఉప్పే. చీకటి పడ్డాక మోటారు మూత తీసి నడుపుతూ లోపలికి చూడండి. ప్లగ్గు వైరు చుట్టూ, క్యాపుల దగ్గర, కాయిల్ (స్పార్క్‌కు కావలసిన కరెంటు పెంచేది) మీద నీలం చుక్కలు ఎగిరితే స్పార్క్ అక్కడ బయటికి కారుతోంది. ఏమీ కనిపించకపోతే స్ప్రే సీసాతో మంచినీళ్లు పలచగా ఆ వైర్ల మీద చల్లి చూడండి. ఎండగా ఉన్నప్పుడు బాగా నడిచి, కెరటం తుంపర పడగానే తడబడే మోటారు గుట్టు ఇక్కడే బయటపడుతుంది. క్యాపును తిప్పితే వైరు నుంచి ఊడుతుంది. చాలా మోడళ్లలో అది మరలాగే ఉంటుంది. లోపలి రాగి పచ్చబడి ఉంటే 5-6 మి.మీ. కోసి క్యాపును మళ్లీ తిప్పి ఎక్కించండి. కాయిల్ ఎర్త్ బోల్టు విప్పి కింది తుప్పును ఉప్పుకాగితంతో గీకి, గ్రీజు రాసి బిగించండి. మోటారు నడుస్తుండగా క్యాపులు చేత్తో పట్టుకోవద్దు, సీడీఐ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కరెంటు గట్టిగా కొడుతుంది. ప్లగ్గు తీసిన వైరును ఖాళీగా వదిలి తాడు లాగడం కూడా తప్పే. ఎర్త్ దొరకని స్పార్క్ సీడీఐనే కాల్చేయవచ్చు.

రెండు సిలిండర్లూ కలిసి ఒకేసారి పోతూ వస్తూ ఉంటే మొదటి అనుమానం స్టాప్ స్విచ్చి మీద. బటన్ లోపల ఉప్పు పేరుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా మోటారును అదే ఆపుతూ ఉంటుంది. ఒడ్డున పరీక్షకు మాత్రం ఆ వైరును సీడీఐ దగ్గర ఊడదీసి నడిపి చూడండి. అలా ఊడదీశాక బటన్‌తో మోటారు ఆగదు, చోక్ లాగి ఆపాలి. పరీక్ష కాగానే కొత్త స్విచ్చి వేసి వైరు తగిలించండి. మనిషి నీళ్లలో పడితే మోటారును ఆపేది ఆ వైరే.

కాయిల్ దగ్గర ఒక మెలిక ఉంది. చాలా జపాన్ మోటార్లలో రెండు సిలిండర్లకూ ఒకటే కాయిల్, దానికి రెండు వైర్లు. అలాంటిదానిలో ఒక సిలిండరే పోతుంటే సీడీఐ కొనకండి. తప్పు ఆ వైపు వైరులో, క్యాపులో, ప్లగ్గులో వెతకండి. అక్కడ లేకపోతే ఆ సిలిండరు కంప్రెషన్‌లో (లోపలి ఒత్తిడిలో) ఉంటుంది. విడి కాయిళ్లు ఉంటే కాయిళ్లను అటూ ఇటూ మార్చండి, కానీ ఏ సిలిండరు వైర్లు ఆ సిలిండరుకే ఉండాలి.

వేడెక్కాకే పోయి, చల్లారగానే వచ్చేదైతే తప్పు ఫ్లైవీల్ కింది చార్జింగ్ కాయిల్ (సీడీఐకి కరెంటు ఇచ్చేది), పల్సర్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో చెప్పేది), లేదా సీడీఐలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే ఇవి మంచివిగానే చూపిస్తాయి, అందుకే వర్క్‌షాపులో తప్పు దొరకదు. మోటారు పోయిన ఆ నిమిషంలోనే మూత తీసి స్పార్క్ చూడాలి, ఓమ్స్ కొలవాలి. లేదా కాయిల్‌ను హెయిర్ డ్రైయర్‌తో వేడిచేస్తూ కొలవండి. ముల్లు ఒక్కసారిగా ఎగిరితే లోపలి తీగ తెగుతూ అతుక్కుంటోందన్నమాట. ఫ్లైవీల్ విప్పినప్పుడు లోపలి అయస్కాంతాలు ఊగుతున్నాయేమో, ఫ్లైవీల్‌ను షాఫ్టు మీద కదలకుండా పట్టే కీ చెక్కుకుపోయిందేమో కూడా చూడండి.

కంప్రెషన్ రెండింటిలోనూ సుమారు ఒకేలా ఉండాలి. చిన్న టూస్ట్రోక్‌లకు 90-120 పీఎస్‌ఐ మామూలు. వాటి మధ్య తేడా పదిహేను శాతం దాటితే ముందు రింగులు, గాస్కెట్ సంగతి చూడాలి. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌కు సూది బెజ్జం పడితే ఏ సిలిండరు క్రాంక్ ఒత్తిడితో పంపు ఆడుతుందో ఆ సిలిండరు ప్లగ్గు ఒక్కటే పెట్రోలుతో తడుస్తుంది. ఇది గుర్తుంచుకోండి, స్పార్క్ రోగమని పొరపడేది దీన్నే.

ఇవన్నీ దాటాకే కార్బొరేటర్. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. అన్నాళ్లు పెట్రోలు కప్పులోనే ఉండిపోతే బంకలా గట్టిపడి జెట్లను మూసేస్తుంది. మోటారు ఇంటికి చేర్చే ముందే పైపు ఊడదీసి, ఆగిపోయేదాకా నడిపి, కప్పు కింది స్క్రూ తీసి కారనివ్వండి. జెట్టులో తీగ దూర్చకండి, బెజ్జం పెద్దదవుతుంది.

డ్రమ్ములో నడిపేటప్పుడు నీళ్లు ప్రొపెల్లరు పైనున్న పలకను దాటి ఉండాలి. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు నడిపినా ఇంపెల్లరు (చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం) పాడవుతుంది. గోడవారగా డ్రమ్ము పెడితే పొగ మళ్లీ కార్బొరేటర్‌లోకే వెళ్లి అబద్ధపు మిస్సింగ్ చూపిస్తుంది. గాలి తగిలే చోట పెట్టండి.

ఇక మోటారును భుజాన వేసుకుని ఇసుక మీద నడిచే ఊళ్లలో ఒక మాట. లెగ్గు (నీళ్లలో మునిగే కింది భాగం) పైకి, తల కిందికి ఉండేలా ఎప్పుడూ పట్టుకోవద్దు, పడుకోబెట్టొద్దు. లెగ్గులో మిగిలిన ఉప్పునీళ్లు ఎగ్జాస్ట్ దారిన సిలిండర్లలోకి దిగుతాయి. మర్నాడు ఒక ప్లగ్గు తడిసి మిస్సింగ్ కొడితే మీరు కార్బొరేటర్ విప్పి కూర్చుంటారు.