పాయింట్ పోయాక మీతో మీరేం అనుకోవాలి?

ఏ ఊళ్లోనైనా బ్యాడ్మింటన్ ఆడే ఇండోర్ కోర్టుకి వెళ్లి గోడ పక్కన కాసేపు నిలబడండి. నెట్ దాటగానే దిగేలా మెత్తగా కొట్టే షార్ట్ సర్వీస్‌ని నెట్‌కి తగిలించిన ప్రతివాడూ ఏదో ఒకటి గొణుక్కుంటాడు. "ఛ, ఇవాళ నా వల్ల కాదు." "మళ్లీ నెట్‌కి కొట్టకురా బాబూ." తర్వాతి సర్వీస్ కూడా వెళ్లి నెట్‌కే తగులుతుంది. అప్పుడు గ్యాలరీలోంచి నాన్నగారు "పాజిటివ్‌గా ఆలోచించు!" అని అరుస్తారు. పిల్లవాడికి ఇప్పుడు రెండు తలనొప్పులు.

పాజిటివ్ అన్న ముక్క పక్కన పెట్టండి. 1994లో వాన్ రాల్టే అనే పరిశోధకురాలి బృందం జూనియర్ టెన్నిస్ ఆటగాళ్లను మ్యాచ్‌లలో గమనించింది. తమను తాము తిట్టుకోవడానికీ ఓడిపోవడానికీ సంబంధం కనిపించింది. పైకి తెలిసేలా తమను తాము మెచ్చుకోవడానికీ బాగా ఆడటానికీ మాత్రం కనిపించలేదు. 2011లో హాట్జిజార్జియాడిస్, తోటి పరిశోధకులు 32 అధ్యయనాలను కలిపి చూశారు. ఆడుతూ తమతో తాము మాట్లాడుకునే పద్ధతి నేర్పితే ఆట మెరుగవుతుందనీ, అదీ చేతి ఒడుపు కావాల్సిన సున్నితమైన పనుల్లో ఎక్కువనీ తేలింది. షార్ట్ సర్వీస్ అలాంటి పనే. అందుకే నేర్పడం నేను దానితోనే మొదలుపెడతాను.

కావలసినవి: చిన్న నోట్‌బుక్, పెన్ను, మొహమాటం లేని ఒక స్నేహితుడు. ఫోన్‌లో రాయొద్దు. ఫోన్ తీస్తే వాట్సాప్ చూస్తారు, పని అక్కడే ఆగిపోతుంది.

మొదటి పని: మీరిప్పుడు ఏం అనుకుంటున్నారో పట్టుకోండి. స్నేహితుణ్ణి కోర్టు పక్కన కూర్చోబెట్టి, మీ నోట్లోంచి వచ్చినవన్నీ రాయమనండి. లోపల అనుకున్నవి గేమ్ అవగానే మీరు రాయండి. ఇంటికెళ్లాక రాస్తే అందరూ మర్యాదస్తులే.

రెండో పని: మాట ఎంచుకోండి. సర్వీస్‌కి, నెట్ దగ్గరే పడేలా మెల్లగా కొట్టే డ్రాప్‌కి ఏం చేయాలో చెప్పే మాట కావాలి. మూడో గేమ్‌లో కాళ్లు లాగేస్తున్నప్పుడు ఊపునిచ్చే మాట కావాలి. ఆ రెండోదీ వట్టి కబుర్లు కాదు. 2014లో బ్లాంచ్‌ఫీల్డ్ బృందం చేసిన ప్రయోగంలో, అలాంటి మాటలు సాధన చేసినవాళ్లు అలసి ఆగిపోయేలోపు సైకిల్‌ని ముందుకంటే సుమారు 18 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు. కానీ ముందు సర్వీస్ సంగతి చూడండి. నేను "టేపు" అంటాను, నెట్ పైఅంచున ఉండే తెల్ల టేపు. మాట మూడక్షరాలు దాటకూడదు, మీరు ఇంట్లో మాట్లాడే భాషలోదై ఉండాలి. టీవీలో విన్న "కమాన్" వద్దు.

ఇక మూడో పని. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పాయింట్ పోయింది, షటిల్ కాక్ ఇంకా నేల మీదే ఉంది. అది తీసుకుని మళ్లీ నిలబడేలోపు దొరికే ఆ కాస్త సమయంలో ఏం అనుకుంటారన్నదే అసలు విషయం.

"కొట్టకు", "వద్దు", "తప్పు చేయకు" లాంటివి రానివ్వకండి. 1987లో వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పాడు. పాపం, వాళ్లకి అదే పదేపదే గుర్తొచ్చింది. నెట్‌కి కొట్టకు అంటే బుర్రలో మిగిలేది నెట్. కాక్ ఎక్కడికి వెళ్లాలో అది చెప్పండి, ఎక్కడికి వెళ్లకూడదో చెప్పకండి.

ఒంటి భాగాల పేర్లూ వద్దు. "మణికట్టు, మణికట్టు" అనుకుంటూ సర్వీస్ చేసేవాడి చెయ్యి కొయ్యబారిపోతుంది. ధ్యాస ఒంటి మీద కంటే బయట ఉన్న లక్ష్యం మీద ఉంటే కదలిక బాగుంటుందని గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు ఎన్నో ప్రయోగాల్లో చూపించింది. నిబంధన ప్రకారం సర్వీస్‌లో కాక్‌ని నేల నుంచి 1.15 మీటర్ల లోపే కొట్టాలి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అంటే కాక్ పైకి లేచి, టేపుని దాదాపు రాసుకుంటూ దాటి, దిగాలి. ఇదంతా మణికట్టుకి ముక్కముక్కలుగా వివరించే టైమ్ లేదు. కళ్లు టేపు మీద పెట్టండి, మణికట్టు పని మణికట్టు చూసుకుంటుంది.

అబద్ధం అసలే వద్దు. 9-19లో ఉండి "నేను ఛాంపియన్‌ని" అనుకుంటే మీకే నవ్వొస్తుంది. అద్దం ముందు నిలబడి పొద్దున్నే ఛాంపియన్ అనుకోమనే రీల్స్ చూసి వచ్చే పిల్లలకి నేను ముందు ఆ అలవాటు మాన్పిస్తాను.

తిట్టు మాత్రం నోటికి వచ్చేస్తుంది, ఆపలేరు. ఆపే ప్రయత్నంలో ఇంకో పాయింట్ పోతుంది. తిట్టు వచ్చిందా, రానివ్వండి. వెంటనే మీ పేరు, ఆ తర్వాత మాట. "రవీ, టేపు." పేరు ఎందుకంటే, "నేను" అనుకునేవాళ్లకంటే తమను తాము పేరుతో పిలుచుకున్నవాళ్లు టెన్షన్‌ని బాగా తట్టుకున్నారని 2014లో ఈథన్ క్రాస్ బృందం చూపించింది. గొంతు మీ బాబాయ్ పిలిచినట్టుండాలి, హెడ్‌మాస్టర్ పిలిచినట్టు కాదు. రాకెట్ తీగలు సరిచేస్తూ అనాలి, ఊపిరి వదులుతూ అనాలి, ఒక్కసారే అనాలి. ర్యాలీ నడుస్తుండగా అనకూడదు. అప్పుడు చూడాల్సింది కాక్‌ని.

అరుపుల గురించి అడుగుతారు. రియో ఒలింపిక్స్‌కి ముందు గోపీచంద్ సింధుని కోర్టు మధ్యలో నిలబెట్టి, అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వలేదన్నది చాలామంది విన్న సంగతే. 2016లో ఆమె వెండి పతకంతో వచ్చాక ప్రతి అకాడమీలో అరుపులే అరుపులు. అది మెతకగా ఉండే అమ్మాయిలో దూకుడు తేవడానికి ఆ గురువు ఎంచుకున్న మందు. అందరికీ అదే జబ్బు ఉండదు. అరిచాక కూడా సర్వీస్ చేయాల్సింది మెత్తగానే కదా.

నాలుగో పని సాధన. బుట్టెడు కాక్‌లు తీసుకోండి, ప్రతి సర్వీస్‌కి ముందు మాట అనండి. మొదట పైకి, తర్వాత పెదవులతో, ఆ తర్వాత లోపల. అది బాగా కుదిరాక స్నేహితుణ్ణి పక్కన నిలబెట్టి ఎగతాళి చేయమనండి. అప్పుడూ మాట వస్తోందంటే అలవాటైనట్టే.

మ్యాచ్ రోజు 11 పాయింట్ల దగ్గర 60 సెకన్ల విరామం వస్తుంది. నీళ్లు తాగండి, చెమట తుడుచుకోండి. కోచ్ ఐదు విషయాలు చెబుతాడు, అన్నిటికీ తలూపి ఒక్కటి తీసుకోండి. కోర్టులోకి వెళ్తూ పేరు, మాట. సరిగ్గా పనిచేయడం లేదనిపించినా ఆ రోజు మార్చకండి. కొత్త మాట కావాలంటే మళ్లీ బుట్టెడు కాక్‌లతో మొదలుపెట్టాల్సిందే.